ఇంట్లో అది లేదు, బదులు ఏం వేయను?

రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా చెల్లి ఫోన్ చేసిందంటే సంగతి వంటింటిదే. "అక్కా, కేకు పిండి సగం కలిపేశాను. బేకింగ్ పౌడర్ డబ్బా తీస్తే అడుగున దుమ్ములా కాస్త ఉంది. వంట సోడా వేసేయనా?" అంటుంది. నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. "అందులో పుల్లటిది ఏమైనా పడుతోందా? పెరుగో నిమ్మరసమో?" అని అడుగుతాను. "ప్రశ్నకు ప్రశ్నే వేస్తావేంటే" అని విసుక్కుంటుంది. కానీ ఆ జవాబు తెలియకుండా దేనికీ బదులు చెప్పలేం.

మా అబ్బాయికి మూడేళ్లప్పుడు గుడ్డు పడదని డాక్టర్ తేల్చారు. నేను ఒక వస్తువు బదులు ఇంకొకటి వాడటం అప్పుడే మొదలుపెట్టాను. పద్నాలుగేళ్లు అయింది. మొదటి రెండేళ్లూ ఎవరో రాసిన పట్టిక చూసి దీని బదులు అది అని వేసేదాన్ని. సగం సార్లు బాగా వచ్చేది, సగం సార్లు పారబోసేదాన్ని. ఒకే పదార్థం ఒక్కో వంటలో ఒక్కో పని చేస్తుందని మెల్లిగా అర్థమైంది. వెన్న ఒక కేకులో గాలిని పట్టి ఉంచుతుంది, ఇంకో కేకులో మెత్తదనం మాత్రమే ఇస్తుంది. రెండో చోట నూనె చక్కగా సరిపోతుంది, మొదటి చోట సరిపోదు. అందుకే బదులు వెతికేముందు, అసలు వస్తువు ఈ వంటలో ఏం చేస్తోందో చూసుకోవాలి. ఇక్కడ చెప్పేవన్నీ అలా చూసుకుంటూ, చేసి చూసి, నోట్‌బుక్‌లో రాసుకున్నవి.

ఇంకొక్క తేడా గుర్తుంచుకోండి. పొయ్యి మీద వంటకు రుచి చూస్తూ సరిచేసుకునే వీలుంటుంది. ఓవెన్‌లో పెట్టాక మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే సూప్‌లో ధైర్యంగా మార్చండి, కేకులో లెక్క ప్రకారం మార్చండి. నేను చెప్పే కప్పు 240 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15, టీస్పూన్ 5. అన్నీ పైన చదును చేసి తీసిన కొలతలే.

బేకింగ్ పౌడర్, వంట సోడా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, నేను బాగా దెబ్బతిన్నదీ ఇక్కడే. వంట సోడా, బేకింగ్ సోడా ఒకటే, రెండూ సోడియం బైకార్బొనేట్. దానికి పులుపు తోడైతేనే బుడగలు సరిగ్గా వస్తాయి, కేకు పొంగుతుంది. బేకింగ్ పౌడర్‌లో ఆ సోడాతో పాటు పొడి రూపంలో ఉన్న ఆమ్లం, తేమ తగలకుండా కాపాడే పిండి పదార్థం ముందే కలిపి ఉంటాయి. కాబట్టి సోడా ఒక స్పూన్ తీసుకుంటే దాని బలం పౌడర్‌కు మూడు నాలుగు రెట్లు.

ఈ లెక్క తెలియని రోజుల్లో ఒక చాక్లెట్ కేకులో రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ బదులు రెండు టీస్పూన్ల సోడా వేశాను. ఓవెన్‌లో పెట్టిన కాసేపటికే అంచు దాకా పొంగింది. అద్దంలోంచి చూసి ఎంత సంతోషపడ్డానో. ఇరవయ్యో నిమిషానికి నడిమి భాగం మెల్లిగా కుంగడం మొదలైంది. బయటికి తీశాక మధ్యలో గుంట, చుట్టూ నల్లటి అంచు. ముక్క నోట్లో పెట్టుకుంటే సబ్బు నాకినట్టుంది. పులుపు దొరకని సోడా అలాగే మిగిలిపోయి ఆ రుచి ఇచ్చింది. గాలి ఎక్కువైపోయి, పిండి గట్టిపడేలోపే బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసి పగిలిపోయాయి. అందుకే నడుమ కూలింది.

ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ బదులు పావు టీస్పూన్ సోడా, అర టీస్పూన్ క్రీమ్ ఆఫ్ టార్టార్ (బేకింగ్‌లో వాడే పుల్లటి తెల్లపొడి) వేస్తే సరిపోతుంది. క్రీమ్ ఆఫ్ టార్టార్ లేకపోతే పావు టీస్పూన్ సోడాకు అర టీస్పూన్ నిమ్మరసం గానీ వెనిగర్ గానీ. నాకు అన్నిటికంటే నచ్చేది పెరుగు దారి: పావు టీస్పూన్ సోడా, అర కప్పు పెరుగు వేసి, రెసిపీలోని పాలో నీళ్లో అర కప్పు తగ్గించడం. కేకు మెత్తగా వస్తుంది, పులుపు నాలుకకు తెలియదు.

ఇక్కడ తొందర పడాల్సిన పని ఒకటుంది. కొనుక్కునే బేకింగ్ పౌడర్ చాలావరకు రెండుసార్లు పనిచేసే రకం: తడి తగలగానే ఒకసారి, వేడి తగిలాక మరోసారి. మనం సోడా, పులుపు కలిపి చేసుకున్నది కలిపిన క్షణం నుంచే బుడగలు వదిలేస్తుంది. అందుకే ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి, గిన్నెకు నూనె రాసి పక్కన పెట్టి ఉండాలి. పిండి కలపడం పూర్తవగానే లోపలికి వెళ్లిపోవాలి.

తిరగేసి, రెసిపీలో సోడా ఉండి మీ దగ్గర పౌడర్ మాత్రమే ఉంటే, ఒక టీస్పూన్ సోడాకు మూడు టీస్పూన్ల పౌడర్ పడుతుంది. కానీ ఆ రెసిపీలో పెరుగు లాంటి పుల్లటిది ఉండే ఉంటుంది, దాన్ని విరిచే సోడా ఇప్పుడు తక్కువైంది కాబట్టి కేకు పుల్లగా వస్తుంది. పెరుగు స్థానంలో మామూలు పాలు పోయండి. రంగు కాస్త తక్కువగా వస్తుంది, అది మామూలే.

పాత డబ్బా మీద నమ్మకం లేకపోతే, పావు కప్పు వేడి నీళ్లలో అర టీస్పూన్ పౌడర్ వేయండి. బుసబుసా పొంగితే ప్రాణం ఉన్నట్టు. నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే పారేయండి. సోడానైతే కాస్త వెనిగర్‌లో వేసి చూడాలి.

గుడ్డు

ఇది నా సొంత విషయం, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. బేకింగ్ పౌడర్ పుట్టిందే ఇలాంటి ఇంట్లో అని చదివినప్పుడు నాకు మనసు నిండిపోయింది. 1837లో ఇంగ్లండ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ తయారుచేశాడు. భార్య ఎలిజబెత్‌కు గుడ్డు పడదు. ఆమెకు ఈస్ట్ కూడా పడకపోతే 1843లో ఈస్ట్ అక్కర్లేని బేకింగ్ పౌడర్ చేశాడు. ఇంట్లో ఒక మనిషి అందరితో కలిసి తినాలన్న తపన అది. మా అబ్బాయి మొదటి గుడ్డు లేని పుట్టినరోజు కేకు కోసేవరకూ నాకున్న టెన్షన్ ఆయనకూ ఉండే ఉంటుంది.

పెద్ద గుడ్డు పెంకు తీస్తే సుమారు 50 గ్రాములు. అందులో మూడు వంతులు నీళ్లే. మిగిలిన కాస్తలోనే కొవ్వు, ప్రొటీన్. అవే పిండిని పట్టి ఉంచుతాయి, గాలిని నిలుపుతాయి, నూనెనూ నీళ్లనూ విడిపోకుండా కలుపుతాయి. ఇన్ని పనులూ ఒక్కటే చేసే బదులు వస్తువు లేదు. మీ వంటకు ఏ పని ముఖ్యమో దానికి తగ్గది ఎంచుకోవాలి.

కుకీలు, మఫిన్లు, కట్లెట్లు లాంటివాటిలో గుడ్డు పని అతుక్కునేలా చేయడం. అక్కడ అవిసె గింజలు. ఒక గుడ్డుకు ఒక టేబుల్‌స్పూన్ అవిసె పొడి, మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలేయండి. మొదట నీళ్లలో పొట్టు తేలినట్టు ఉంటుంది, ఇదేం పనిచేస్తుందిలే అనిపిస్తుంది. పది నిమిషాల తర్వాత స్పూన్ పైకెత్తితే జిగురుగా, తెల్లసొనలాగే సాగి తీగలా వేలాడుతుంది. అలా సాగకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. గింజలు పొడి చేయకుండా అలాగే నానబెడితే ఇంత బాగా రాదు, మెత్తగా పొడి కొట్టాల్సిందే. గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి కాబట్టి తెల్లటి వెనీలా కేకులో నేను వాడను. చాక్లెట్, ఓట్స్ ఉన్నవాటిలో ఆ చుక్కలు కలిసిపోతాయి.

తేమ, మెత్తదనం కావాల్సిన చోట ఒక గుడ్డుకు పావు కప్పు పెరుగు గానీ, ఉడికించి మెత్తగా చేసిన యాపిల్ గుజ్జు గానీ. అరటిపండు గుజ్జు కూడా అంతే కొలత, కానీ అరటిపండు వాసన దాచుకోదు. అది వేస్తే అది అరటిపండు కేకే. పండు గుజ్జులన్నీ కేకును కాస్త బరువుగా చేస్తాయి కాబట్టి పావు టీస్పూన్ బేకింగ్ పౌడర్ అదనంగా వేస్తాను.

తేలిగ్గా పొంగాల్సిన మామూలు కేకులో ఒక గుడ్డుకు ఒక టీస్పూన్ సోడా, ఒక టేబుల్‌స్పూన్ వెనిగర్ వేయొచ్చు. ఈ పద్ధతి ఒక్క గుడ్డు వరకే. రెండు మూడు గుడ్లకు ఇదే లెక్క వేసుకుంటూ పోతే మళ్లీ సబ్బు రుచి దగ్గరికే వస్తాం.

ఇక నురగ. తెల్లసొన గిలకొట్టి చేసేవి గుడ్డు లేకుండా రావని చాలా ఏళ్లు అనుకున్నాను. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు ఆ పని చేస్తాయని 2014లో ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన కనిపెట్టాడు. మరుసటి ఏడాది అమెరికాలో గూస్ వోల్ట్ దానికి అక్వాఫాబా అని పేరు పెట్టాడు. శనగలు రాత్రంతా నానబెట్టి, ఉప్పు వేయకుండా ఉడికించండి. ఆ నీళ్లను మరిగించి చిక్కబరిచి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. వేళ్ల మధ్య రాస్తే తెల్లసొనలా జారాలి, అప్పుడే పనికొస్తుంది. గిన్నెకు నూనె జిడ్డు ఉండకూడదు. ఎలక్ట్రిక్ బీటర్ తిప్పడం మొదలుపెడితే ముందు పసుపుపచ్చని నీళ్ల మీద గిన్నెలు తోమేటప్పుడు వచ్చే పెద్ద బుడగలు. రెండు మూడు నిమిషాలకు బుడగలు చిన్నవై తెల్లబడతాయి. చిటికెడు క్రీమ్ ఆఫ్ టార్టార్ వేసి, చక్కెర కొద్దికొద్దిగా చల్లుతూ తిప్పితే మరి కొన్ని నిమిషాలకు మంచు కుప్పలా నిలబడుతుంది. మా అబ్బాయి మొదటిసారి గిన్నె తలకిందులు చేసి చూపించమన్నాడు. చేశాను, జారలేదు. వాడి మొహం చూడాల్సింది.

అయితే ఈ నురగ ఓవెన్‌లో గుడ్డులా గట్టిపడదు. మెరింగ్‌లు (నురగ, చక్కెరతో చేసే కరకరలాడే తేలికపాటి స్వీట్లు) చేయాలంటే 100 డిగ్రీల దగ్గర సన్నటి వేడి మీద గంటన్నర, రెండు గంటలు ఎండబెట్టినట్టు చేయాలి. కొలత చెప్పాలంటే ఒక తెల్లసొనకు రెండు టేబుల్‌స్పూన్లు, మొత్తం గుడ్డుకు మూడు.

కస్టర్డ్‌లో గుడ్డు పని చిక్కబరచడం, అది కార్న్‌ఫ్లోర్ చేస్తుంది. బ్రెడ్ పైన మెరుపు కోసం గుడ్డు పూయమంటే పాలు పూయండి. వేయించేముందు పొడి అంటుకోవడానికైతే కార్న్‌ఫ్లోర్‌ను నీళ్లలో జారుగా కలిపి ముంచితే చాలు. రెసిపీలో ఒకటి రెండు గుడ్లే ఉంటే ధైర్యంగా మార్చండి. మూడు దాటితే ఆ వంటకు ఆధారమే గుడ్డు. గుడ్డు లేకుండా చేయడానికే రాసిన రెసిపీ వెతుక్కోవడం మంచిది.

వెన్న, నూనె

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం. మిగతాది ఎక్కువగా నీళ్లు, కాస్త పాల పదార్థం. నూనె మొత్తం కొవ్వే. అందుకే 100 గ్రాముల వెన్నకు 100 గ్రాముల నూనె పోస్తే కేకు జిడ్డుగా, ముద్దగా వస్తుంది. 80 గ్రాముల నూనె, ఒక టేబుల్‌స్పూన్ పాలు వేయండి. నెయ్యికీ ఇదే లెక్క, అందులోనూ నీళ్లు ఉండవు.

ఇక్కడ రెసిపీని ఒకసారి జాగ్రత్తగా చదవాలి. "వెన్న కరిగించి కలపండి" అని ఉంటే నూనె హాయిగా వేసుకోండి. మఫిన్లు, బ్రౌనీలు ఇలాంటివే. నూనె కేకు ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే చల్లటి వెన్న గడ్డకడుతుంది, నూనె కట్టదు. "వెన్న, చక్కెర తెల్లబడేవరకు గిలకొట్టండి" అని ఉంటే మాత్రం ఆగండి. చక్కెర పలుకులు మెత్తటి వెన్నలో చిన్న చిన్న గాలి గదులు చేస్తాయి, కేకు తేలికదనం అక్కడే మొదలవుతుంది. నూనెలో ఆ గదులు నిలవవు. పొరలు పొరలుగా రావాల్సిన పేస్ట్రీకి కూడా చల్లటి, గట్టి కొవ్వే కావాలి.

మార్గరిన్ పుట్టిందే వెన్నకు బదులుగా. 1869లో ఫ్రాన్స్‌లో ఇపోలిత్ మేజ్-మూరియే దాన్ని తయారుచేశాడు. దానికి మూడో నెపోలియన్ ప్రకటించిన బహుమతే ప్రోద్బలం. బేకింగ్‌కు వాడేటప్పుడు లేబుల్ మీద కొవ్వు 80 శాతం ఉందో లేదో చూడండి. బ్రెడ్ మీద రాసుకునే మెత్తటి రకాల్లో నీళ్లు ఎక్కువ, వాటితో చేసిన కుకీలు ట్రే అంతా పరుచుకుంటాయి. ఉప్పు వెన్న మాత్రమే ఉంటే 100 గ్రాములకు పావు టీస్పూన్ చొప్పున ఉప్పు తగ్గిస్తే సరి.

కొవ్వు తగ్గించాలని మొత్తం వెన్న బదులు యాపిల్ గుజ్జు వేసేవాళ్లున్నారు. సగం వరకు వేయండి. మొత్తం వేస్తే కేకు రబ్బరులా సాగుతుంది.

పాలు, పెరుగు, క్రీమ్

ఇంగ్లిష్ రెసిపీల్లో కనిపించే బటర్‌మిల్క్ మనం తాగే పలుచటి మజ్జిగ కాదు. అది చిక్కగా, పుల్లగా ఉంటుంది. ముప్పావు కప్పు పెరుగులో పావు కప్పు పాలు కలిపి గిలకొడితే దానికి బాగా దగ్గరగా వస్తుంది. పెరుగు లేకపోతే కప్పులో ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోసి, మిగతా కప్పు పాలతో నింపి పది నిమిషాలు వదిలేయండి. విరిగినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు, అలాగే ఉండాలి. మామూలు పాలు మాత్రం నేరుగా పోయకండి. అక్కడ సోడా పులుపు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

సూప్‌లో, సాస్‌లో క్రీమ్ బదులు ముప్పావు కప్పు పాలు, పావు కప్పు కరిగించిన వెన్న కలిపి ఒక కప్పుగా వాడొచ్చు. కొబ్బరి పాలూ బాగుంటాయి, ఆ వాసన నప్పే వంట అయితే. పెరుగు వేస్తుంటే మంట తగ్గించాలి. పెరుగులో కాస్త కార్న్‌ఫ్లోర్ కలిపి, రెండు గరిటెల వేడి సూప్ అందులో పోసి కలిపి, ఆ మిశ్రమాన్ని గిన్నెలోకి దించండి. మరిగే సూప్‌లో నేరుగా వేస్తే విరిగి తేలుతుంది. గిలకొట్టి నురగలా చేసే క్రీమ్‌కు కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, పాలూ వెన్నా కలిపినది ఎంత తిప్పినా నిలబడదు.

ఎవాపరేటెడ్ మిల్క్ అంటే నీళ్లు సగానికి పైగా ఇగిర్చిన పాలు, చక్కెర ఉండదు. కండెన్స్‌డ్ మిల్క్‌లో చక్కెర బాగా ఉంటుంది. డబ్బాలు ఒకేలా ఉంటాయి కాబట్టి పేరు రెండుసార్లు చదవండి. ఎవాపరేటెడ్ మిల్క్‌లో సమానంగా నీళ్లు కలిపితే మామూలు పాల బదులు సరిపోతుంది. పాలు పడనివాళ్లకు సోయా పాలు బేకింగ్‌లో బాగా పనిచేస్తాయి, ప్రొటీన్ ఆవు పాలకు దగ్గరగా ఉంటుంది. తియ్యనిదా చప్పనిదా చూసుకోండి. ఒకసారి ఆలూ సూప్‌లో వెనీలా సోయా పాలు పోశాను, కుండెడు సూప్ పోయింది.

చక్కెర

చక్కెరను తీపి కోసమే వేస్తారనుకుంటే పొరపాటు. అది తేమను పట్టి ఉంచుతుంది, రంగు తెస్తుంది, కేకును మెత్తబరుస్తుంది. అందుకే సగం చక్కెర తీసేస్తే తీపి తగ్గడంతో ఆగదు, కేకు ఎండిపోయి పాలిపోతుంది. నాలుగో వంతు వరకు తగ్గిస్తే చాలా రెసిపీలు తట్టుకుంటాయి.

తేనె వేయాలంటే ఒక కప్పు చక్కెరకు ముప్పావు కప్పు తేనె. తేనెలో నీళ్లు ఉంటాయి కాబట్టి రెసిపీలోని పాలు మూడు టేబుల్‌స్పూన్లు తగ్గించండి. తేనె కాస్త పులుపు, పావు టీస్పూన్ సోడా వేస్తే సరిపోతుంది. తొందరగా రంగు తిరుగుతుంది, ఓవెన్ వేడి 15 డిగ్రీలు తగ్గించండి. ఏడాది నిండని పిల్లలకు తేనె వద్దు, కేకులో కాల్చినదైనా సరే. అందులో ఉండగల బొటులిజం (నరాలను చచ్చుబరిచే విషబాధ) బీజాలు ఓవెన్ వేడికి చావవు, అంత చిన్న కడుపు వాటిని తట్టుకోలేదు.

బ్రౌన్ షుగర్ లేకపోతే ఒక కప్పు చక్కెరలో ఒక టేబుల్‌స్పూన్ మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం) వేసి వేళ్లతో నలిపి కలపండి. ముదురు రంగు కావాలంటే రెండు. మొలాసిస్ కూడా లేకపోతే తెల్ల చక్కెరే వేసేయండి, కుకీలు కాస్త కరకరలాడతాయి, అంతే. పొడి చక్కెర కావాలంటే ఒక కప్పు చక్కెర, ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ మిక్సీలో మెత్తగా పొడి కొట్టి జల్లించండి. క్రీమ్‌లో ఇసుక తగిలినట్టు ఉంటే ఇంకాస్త తిప్పాలన్నమాట.

పిండి, చిక్కబరిచేవి

కేక్ ఫ్లోర్ అంటే ప్రొటీన్ తక్కువున్న పిండి, 7 నుంచి 9 శాతం. మైదాలో 10, 11 ఉంటుంది. ఒక కప్పు మైదాలోంచి రెండు టేబుల్‌స్పూన్లు తీసేసి, ఆ జాగాలో కార్న్‌ఫ్లోర్ వేసి మూడుసార్లు జల్లిస్తే కేక్ ఫ్లోర్‌కు దగ్గరగా వస్తుంది. సెల్ఫ్ రైజింగ్ పిండి బదులు ఒక కప్పు మైదాకు ఒకటిన్నర టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు.

మైదా బదులు గోధుమపిండి వేస్తే మొదటిసారి సగం సగం కలపండి. గోధుమ తవుడు నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, మెల్లిగా పీలుస్తుంది. ఒక కప్పుకు ఒకటి రెండు టేబుల్‌స్పూన్ల పాలు అదనంగా పోసి, బ్రెడ్ ముద్ద అయితే అరగంట వదిలేయండి. ఆ అరగంట ఆగితే బ్రెడ్ పొడిపొడిగా రాలదు. గ్లూటెన్ (గోధుమలో పట్టునిచ్చే ప్రొటీన్) పడనివాళ్లకు చేసేటప్పుడు మాత్రం ఒక్క బియ్యప్పిండితో సరిపెట్టొద్దు, పట్టు ఉండదు. రెండు మూడు పిండ్లు కలిపి, క్సాంథన్ గమ్ లాంటి జిగురు వేయాలి.

సాస్ చిక్కబరచడానికి రెండు టేబుల్‌స్పూన్ల మైదా పని ఒక టేబుల్‌స్పూన్ కార్న్‌ఫ్లోర్ చేస్తుంది. చల్లటి నీళ్లలో కలిపే పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. ఒక పొంగు వచ్చేవరకు ఉంచాలి, మరీ ఎక్కువసేపు మరిగించినా, నిమ్మరసం ఎక్కువ పడినా మళ్లీ పలచబడుతుంది. నిమ్మరసం దించాక వేయండి. ఫ్రీజర్‌లో దాచే వంటకైతే కార్న్‌ఫ్లోర్ కంటే టాపియోకా (కర్రపెండలం) పిండి మంచిది, కరిగాక నీళ్లు వదలదు. ఇంకో మాట: మనం కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి మెత్తటి పొడిని అమెరికా రెసిపీల్లో కార్న్‌స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే పసుపుపచ్చని మొక్కజొన్న పిండి.

మిగతావి కొన్ని

ఈస్ట్: యాక్టివ్ డ్రై (ముందు నీళ్లలో నానబెట్టే రకం) బదులు ఇన్‌స్టంట్ (నేరుగా పిండిలో కలిపే రకం) వేస్తే నాలుగో వంతు తగ్గించండి. తాజా ఈస్ట్ 30 గ్రాములు ఉండాల్సిన చోట ఇన్‌స్టంట్ 10 గ్రాములు. నీళ్లు గోరువెచ్చగానే, 40 డిగ్రీల లోపు. మణికట్టు మీద చుక్క వేస్తే వేడిగా అనిపించకూడదు.

చక్కెర లేని చప్పటి డార్క్ చాక్లెట్ 30 గ్రాముల బదులు (తియ్యని చాక్లెట్ బదులు అనుకునేరు): మూడు టేబుల్‌స్పూన్ల కోకో, ఒక టేబుల్‌స్పూన్ వెన్న. కోకోల్లోనూ రెండు రకాలున్నాయి. మామూలు కోకో పుల్లగా ఉంటుంది కాబట్టి సోడాతో పొంగుతుంది. 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ తెచ్చిన పద్ధతిలో క్షారం కలిపిన డచ్ కోకోలో ఆ పులుపు ఉండదు, దానికి బేకింగ్ పౌడర్ కావాలి. సోడా మాత్రమే ఉన్న కేకులో డచ్ కోకో వేస్తే పొంగు తగ్గుతుంది.

ఎండు ఆకులు ఒక టీస్పూన్ అంటే తాజావి ఒక టేబుల్‌స్పూన్. ఎండువి ముందే వేయాలి, తాజావి దించేముందు. ఉప్పును స్పూన్‌తో మార్చొద్దు, సన్న ఉప్పు టీస్పూన్ 6 గ్రాముల దాకా తూగుతుంది, పలుచటి రేకుల ఉప్పు అందులో సగమే ఉండొచ్చు. తూకం వేయండి. వైన్ పోయమన్న చోట కూరగాయలు ఉడికించిన నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోస్తాను, నాకు అదే బాగుంటుంది.

వేరుశనగ, బాదం పడనివాళ్లకు పొద్దుతిరుగుడు గింజల పేస్ట్ మంచిది. సోడాతో కలిసి కాలితే మాత్రం కుకీ చల్లారాక లోపల ఆకుపచ్చగా మారొచ్చు. మొదటిసారి చూసినప్పుడు బూజు పట్టిందని భయపడ్డాను. గింజలోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి ఇచ్చే రంగే అది, తినొచ్చు. కాస్త నిమ్మరసం వేసి, సోడా తగ్గిస్తే ఆ రంగు రాదు.

మార్చకూడని చోట్లు

నెలల తరబడి సీసాల్లో నిల్వ ఉంచే వాటిలో వెనిగర్, నిమ్మరసం, ఉప్పు కొలతలు సొంతంగా మార్చకండి. అక్కడ పులుపు రుచి కోసం కాదు, బొటులిజం క్రిములు పెరగకుండా కాపాడటం కోసం. పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 కంటే పైకి పోతే, అంటే పులుపు తగ్గితే, గాలి తగలని సీసాలో అవి పెరగగలవు. చూడటానికి, వాసనకు తేడా తెలియకపోవచ్చు.

అలర్జీ ఉన్నవాళ్లకు చేస్తుంటే బదులు వేసిన వస్తువు లేబుల్ కూడా చదవండి. పాలు లేవనుకున్న మార్గరిన్‌లో పాల పొడి ఉండొచ్చు. గరిటె, గిన్నె, బీటర్ ముందు కడగండి. మా ఇంట్లో అబ్బాయి గిన్నెకు నీలం టేపు అంటించి ఉంటుంది, అందులో ఎవరూ గుడ్డు కొట్టరు.

ఒక రెసిపీలో ఒకేసారి ఒక్క వస్తువే మార్చండి. గుడ్డు, వెన్న, మైదా మూడూ ఒకేసారి మార్చేస్తే కేకు చెడినప్పుడు ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు. మార్చింది, కొలత, ఎన్ని నిమిషాలు కాలింది, ఎలా వచ్చింది అన్నీ ఆ రోజే రాసుకోండి. ఆ రాత్రి మా చెల్లికి చెప్పింది ఇదీ: పౌడర్ ఒకటిన్నర టీస్పూన్ కాబట్టి సోడా పావు టీస్పూన్ మీద ఇంకో చిటికెడు, పెరుగు ముప్పావు కప్పు, పాలు అంతే తగ్గించు, ఓవెన్ వేడెక్కాకే పెరుగు కలుపు. తొమ్మిదిన్నరకు కేకు ఫోటో పంపింది, ఒక పక్క కాస్త పగిలింది. ఈసారి ఓవెన్ పది డిగ్రీలు తగ్గించమని రాసుకోమన్నాను.